ఎర్ర కాగితంలో నలభయ్యో నెంబరు

1942 ఏప్రిల్ 28, మంగళవారం. కోడుమూరు.

ఈ దినం నుంచి రాయాలి. మా ఇంట్లో చదవడం వచ్చినది నాకొక్కదానికే. నాయనకు రాదు, అమ్మకు రాదు, అవ్వకు రాదు. నోటితో చెబితే వీధంతా వింటుంది. పుస్తకంలో రాస్తే దానికి తాళం కూడా అక్కరలేదు. చెప్పకుండా ఉంటే అన్నం దిగడం లేదు. అందుకని రాస్తున్నాను.

నిన్న గోపన్న మామను నూలంగడి నుంచి పంపించేశారు.

మామ అమ్మకు వరసకు తమ్ముడు. శెట్టి అంగడిలో తొమ్మిదేళ్లుగా నూలు అమ్ముతున్నాడు. మార్చి నెలంతా శెట్టి తన కూతురి కాన్పుకని ప్రొద్దుటూరులో ఉండిపోయాడు. అంగడిని మామ చేతిలో పెట్టి పోయాడు. ఆ నెలలోనే తప్పు జరిగింది.

ఎర్ర కాగితం చుట్టిన కట్ట అంటే ఇరవయ్యో నెంబరు నూలు, ముతక. పచ్చ కాగితం కట్ట నలభయ్యో నెంబరు, సన్నం. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ అంతే. మామకు ఇంగ్లీషు అంకెలు రావు. మా వీధిలో పెద్దవాళ్లెవరికీ రావు. అమ్మేది రంగు చూసే, కొనేది రంగు చూసే. యుద్ధం వచ్చి కాగితానికి కరువైంది. మిల్లువాళ్ల దగ్గర పచ్చ కాగితం అయిపోయిందేమో, నలభయ్యో నెంబరు కట్టలకు కూడా ఎర్ర కాగితమే చుట్టి పంపించారు. మామ వాటిని ఇరవయ్యో నెంబరు ధరకే అమ్మాడు. మా వీధంతా కొన్నది. మేమూ కొన్నాము. నాలుగు కట్టలు.

ఇప్పుడు మిల్లు నుంచి బిల్లు వచ్చింది. శెట్టి చదువుకున్నవాడు, చూడగానే తెలిసిపోయింది. "మగ్గమోళ్ల ఇంట్లో పుట్టినోనివి, నూలు ముట్టుకుంటే నెంబరు తెలీదా నీకు? వీధితో కలిసి నా కొంప ముంచినావు" అన్నాడట. ఎవరెవరు కలిశారో పేర్లు చెప్పమన్నాడట. మే ఇరవయ్యో తేదీ దాకా గడువు. చెప్పకపోతే పోలీసు స్టేషన్లో దొంగతనమని రాసిస్తాడట.

మామ ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పడానికి పేర్లే లేవు కదా.

కట్ట విప్పేదాకా మాకు తెలియదు. విప్పినాక తెలిసినా ఏం చేస్తాము.

ఏప్రిల్ 29

ఎండ. పొద్దెక్కేసరికి పోగులు టపటప తెగుతున్నాయి. మగ్గం గుంత చుట్టూ నేల తడపడానికి ఆరు బిందెలు మోశాను. ఇంకేమీ రాయలేను.

ఏప్రిల్ 30, గురువారం

పొద్దున పక్కింటి సుంకప్ప వచ్చాడు. గడప మీద కూర్చుని, నాయన నేస్తుంటే మాట్లాడాడు.

"ఏం ఆదెన్నా, శెట్టి మొగం చూస్తివా? ఎండిన బుడంకాయ మాదిరి అయిపోయినాడు."

"నవ్వొద్దులే సుంకప్పా. గోపన్న ఇంట్లో పొయ్యి వెలగలేదంట."

"నేనేమన్నా ఆర్పితినా? తప్పు మిల్లోనిది. అమ్మినోడు శెట్టి మనిషి. మనం అడిగిన దుడ్లు ఇచ్చినాం, ఇచ్చిన కట్ట తెచ్చుకున్నాం. దీంట్లో దొంగతనం యాడుండాది, నువ్వే చెప్పు."

నాయన కాలితో తొక్కాడు, పోగు మోసే నాడె అటు నుంచి ఇటు పోయింది.

"పోయినేడు తడి నూలు తూకమేసి అమ్మె. ఇంటికి తెచ్చి ఆరబెడితే శేరు తగ్గె. వాపసు ఇచ్చెనా? యుద్ధం యాడనో జరుగుతాంటే ఈడ గోదాములో ఉండే పాత నూలుకు ధర పెంచె. అప్పుడు ఎవురన్నా స్టేషన్కు పోయిరా? ఒగసారి దేవుడు మన దిక్కు తూకమేసినాడు. గమ్మునుండు."

మూలన రాట్నం తిప్పుతూ అవ్వ అన్నది: "దేవునికి తక్కెడ పని ఏంటికి పెడతావురా? ఆయప్పకు శానా పనులుండాయి."

సుంకప్ప నవ్వాడు. నాయనా నవ్వాడు. నేనూ నవ్వాను.

సుంకప్ప చెప్పినదాంట్లో అబద్ధం ఏది? కూర్చుని ఆలోచించాను. తడి నూలు నిజం. పాత నూలుకు పెంచిన ధర నిజం. దొంగిలించలేదన్నది నిజం. ఒక్కొక్కటీ విడిగా చూస్తే అన్నీ నిజాలే. అయినా ఆ మాటల్లో గోపన్న మామ ఎక్కడా లేడు.

మే 2, శనివారం

హంద్రి ఏటిలో నీళ్లు పూర్తిగా ఇంకిపోయాయి. ఇసకలో చెలమలు తవ్వారు. తెల్లవారుతూనే అక్కడికి పోతే మామ భార్య గిడ్డమ్మత్త చెలమ పక్కన కూర్చుని ముంతతో నీళ్లు తోడుకుంటోంది. ఆమెను చూసి మా వీధి ఆడవాళ్లు కాస్త దూరంగా జరిగారు. కోపంతో కాదు. ముఖం చూపించలేక.

అత్త తల ఎత్తకుండానే అన్నది: "నీళ్లకు నెంబర్లు లేవులే అక్కా. రాండి, ముంచుకోండి."

ఎవరూ రాలేదు. నేనూ పోలేదు. ఆమె బిందె నిండేదాకా ఇసకలో నిలబడ్డాము.

మే 3, ఆదివారం

ఈ దినం బొమ్మలన్నీ పోయాయి.

నూలు కట్టల మీద మిల్లువాళ్లు బొమ్మ చీటీ అతికించి పంపుతారు. ఈసారి వచ్చినవాటి మీద ఏనుగు, ఏనుగు వీపు మీద పచ్చ చిలుక. మా వీధిలో చీటీ పారేసే ఇల్లు లేదు. దేవుడి పటాల పక్కన గోడకు అతికించుకుంటారు. మా గోడ మీద మూడు ఏనుగులు ఉండేవి.

సుంకప్ప వచ్చి వాటి ముందు నిలబడి నన్ను పిలిచాడు. "పాపా, నువ్వు చదువుకున్నదానివి. ఈ చీటీ మీద నూలు నెంబరు గూడా ఏసింటారా?"

"ఉంది. కింద మూలన."

"ఎంతని ఉండాది?"

"నలభై."

"నువ్వెప్పుడు చూస్తివి?"

"ఇప్పుడే" అన్నాను.

ఆయన తల మీద చెయ్యి పెట్టుకున్నాడు. "చదువు రానోళ్లకు బొమ్మ. శెట్టి చూస్తే సాచ్చికం. అందురూ తెలిసి కొన్నారంటాడు. గీకేయండమ్మా, గీకేయండి."

గంట లోపల ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. అమ్మ గోడ తడిపి, గరిటె కాడతో గీకింది. ఏనుగులు ఉన్నచోట మూడు తెల్లటి చదరాలు మిగిలాయి. అవ్వ వాటిని చూసి "పండ్లూడిన నోరు మాదిరుండాది" అన్నది.

నాలుగో ఏనుగు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. అది ఈ పుస్తకం అట్ట లోపల ఉంది. అంచు ఎర్రగా ఉంటే అందంగా ఉంటుందని చుట్టూ ఎర్ర కాగితం ఒక వేలి వెడల్పు వదిలి కత్తిరించుకున్నాను.

కట్ట విప్పేదాకా మాకు తెలియదు.

మే 4

ఏనుగు ఇంకా ఉంది. పుస్తకం తెరిచినప్పుడల్లా మొదట అదే.

మే 6, బుధవారం

అమ్మతో అన్నాను, ఎవరో ఒకరు పోయి శెట్టికి చెబితే బాగుంటుందని.

అమ్మ రొట్టె తడుతోంది. ఆపలేదు. "ఏమని చెప్పల్ల?"

"మామకు ఏమీ తెలియదని. కట్ట విప్పినాక మాకు తెలిసిందని. తెలిసీ గమ్మునున్నామని."

"చెప్పినాక? రేపట్నుంచి మీ నాయనకు నూలు ఎవరిస్తారు? కోడుమూరులో ఇంకో నూలంగడి ఉండాదా?" రొట్టె పెనం మీద వేసింది. "గోపన్న నాకు తమ్ముడు కాదా? నాకు కడుపు కాలలేదా? మొన్న రొట్టెలు పంపిస్తే గిడ్డమ్మ తిప్పి పంపె. ఏం చేయల్ల నేను?"

ఆమె ఇంకొక మాట అన్నది, నా వైపు చూడకుండా.

"నీ ట్రంకుపెట్టె యాడ్నుంచి వచ్చెననుకుంటివి?"

కడపలో టీచర్ల ట్రైనింగు స్కూలు జూన్ నెలలో తెరుస్తారు. ఎనిమిదో తరగతి పాసై సీటు వచ్చిన దినం నాయన వీధంతా బెల్లం పంచాడు. పెట్టె, రెండు చీరలు, దుప్పటి, హాస్టలుకు ముందుగా కట్టవలసినది. ఇవన్నీ ఎట్లా కుదురుతాయని ఫిబ్రవరి నెలంతా నాయనా అమ్మా గుసగుసలు పోయారు. మార్చి చివరికి గుసగుసలు ఆగిపోయాయి. నలభయ్యో నెంబరు చీరలు కర్నూలులో మంచి ధరకు పోయాయి. నాయన తిరిగి వచ్చేటప్పుడు నెత్తి మీద పెట్టె పెట్టుకుని వచ్చాడు.

నేను అడగలేదు. అడిగితే ఏం చెబుతారో తెలుసు కాబట్టి అడగలేదు.

మే 7

పెట్టెను మంచం కిందికి తోశాను. కాలు తగులుతూనే ఉంది.

మే 8, శుక్రవారం

తెల్లవారుజామున నాయనా అమ్మా చింతతోపులో పడుగు సాచి గంజి పెడుతున్నారు. నేను గంజి కుండ తీసుకుపోతుంటే తోపు చివర మామ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. బీడీ తాగుతున్నాడు. గడ్డం పెరిగింది. నన్ను చూసి "ఏం పాపా, కడప ఎప్పుడు పోతాండావు?" అని అడిగాడు, ఏమీ జరగనట్టే.

జూన్లో అన్నాను. ఏవో మాటలు మాట్లాడాడు. బీడీ సంగతి మరిచిపోయాడు. అది కాలుతూ కాలుతూ వేళ్ల దాకా వచ్చింది. చర్మం కాలిన వాసన నాకు వచ్చింది, ఆయనకు రాలేదు.

"మామా, వేలు!"

చూసుకుని పారేశాడు. ఆ తర్వాత నా ముఖం చూశాడు. అప్పుడు నాకు చాలా గుర్తు వచ్చాయి. మా ఇంట్లో పొయ్యి మీది లోటాను ఆయన గుడ్డ లేకుండా దించడం. అంగడిలో దుడ్లు రెండుసార్లు చూపుతో లెక్కపెట్టడం.

"చూస్తివా" అన్నాడు. "అంగడికి పోకముందు పదేండ్లు రంగు బానల కాడ చేస్తి. రంగులో కలిపే సోడా నీళ్లలో దినమంతా చేతులే. వేళ్ల కొసలు సచ్చిపోయినాయి. మగ్గం ఇడిసింది అందుకే. నడుం నొప్పి అని అందరికీ చెప్తి."

"శెట్టికి చెప్పు మామా. ముట్టుకున్నా తెలియదని చెప్పు. అప్పుడు నిన్ను దొంగ అనడు."

"స్పర్శ లేదని చెప్పల్ల. అంతేనా?" నవ్వాడు. "స్పర్శ లేదంటే ఊరు దానికి ఏం పేరు పెడుతుందో నీకు తెలీదా?"

తెలుసు. ఆ పేరు నేను అనలేదు. ఆయనా అనలేదు.

"కర్నూలు ఆస్పత్రిలో డాక్టరు సూదులు గుచ్చి చూసె. ఆ రోగం కాదు, సోడానే అనె. ఆ డాక్టరు వచ్చి మన చెలమ కాడ నిలబడి చెప్తాడా? దొంగ అంటే ఒగ అంగడే మూస్తారు. ఆ మాట అంటే ముంత గూడా ముట్టనీరు. గిడ్డమ్మను, పిల్లోళ్లను హంద్రి అవతల పెడతారు. దొంగనే మేలు."

గంజి కుండ చెయ్యి లాగుతోంది. దించలేదు.

"మీ నాయన కట్ట విప్పినప్పుడు వేలికి తెలిసే ఉంటాది" అన్నాడు.

"తెలిసింది మామా."

"వీధంతా తెలిసే ఉంటాది. ఒగరన్నా, ఒగే ఒగరు వచ్చి, గోపన్నా, కాగితం తప్పు పడిండాది అని చెవిలో చెప్పింటే..." ఆగాడు. కాలిన వేలిని చూసుకున్నాడు. "మీ నాయనను ఏమీ అనలేదు పాపా. నేను మగ్గం మీద ఉండింటే నేను గూడా చెప్పేవాన్ని కాదేమో. పో, గంజి పేరుకుంటాది."

మే 9

నిన్నటి పేజీ చించాలనుకున్నాను. చదవగలిగేవాళ్లు ఎవరూ లేరు కదా అని వదిలేశాను. ఎవరూ చదవలేరన్న మాటను ఎన్నిటికి అడ్డం పెట్టుకుంటున్నాను?

మే 11, సోమవారం

శెట్టి పెట్టిన గడువుకు ఇంకా తొమ్మిది దినాలు.

రాసినదంతా మొదటి నుంచి చదివాను. కట్ట విప్పేదాకా మాకు తెలియదని రెండు చోట్ల రాశాను. సుంకప్పతో ఇప్పుడే చూశాను అన్నాను. సరిగ్గా రాయాలి.

మొదటి కట్ట నాయన మార్చి నెలలో తెచ్చాడు. సంత దినం. దారం కూడా విప్పలేదు, నా ముందు పెట్టి "బొమ్మ కావాలంటివి కదా, జాగ్రత్తగా కత్తిరించుకో" అన్నాడు. కత్తెర తీసుకున్నాను. ఏనుగు చుట్టూ తిప్పుతూ కింద మూలకు వచ్చాను. నలభై అని ఉంది. పెద్ద అంకెలు. చిన్నవి కావు.

"ఏం రాసిండాది పాపా?" అని నాయన అడిగాడు. ఎప్పుడూ అడుగుతాడు. నేను చదువుతుంటే వినడం ఆయనకు ఇష్టం.

"మిల్లు పేరు నాయనా. ఊరి పేరు." రెండూ చదివి వినిపించాను. నెంబరు చదవలేదు.

చీటీ కాగితం పక్కన పెట్టాను. నాయన కట్ట విప్పాడు. లోపలి నూలు చిలపను బొటనవేలితో రుద్ది చూశాడు. మళ్లీ రుద్దాడు. అవ్వకు ఇచ్చాడు. అవ్వ రుద్ది చూసి, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చింది. ఎవరమూ ఒకరినొకరం చూసుకోలేదు.

ఆ సాయంత్రమే అంగడికి పోయి చెప్పి ఉంటే ఒక్క కట్టతో పోయేది. నాయన మరుసటి దినం పోయి ఇంకో మూడు కట్టలు తెచ్చాడు. పోతూ నన్ను చూశాడు. నేను పుస్తకం చదువుకుంటున్నాను.

వాళ్లకు వేలితో తెలిసింది. నూలు సన్నగా ఉంది, అదృష్టం అనుకోవచ్చు, మిల్లులో బాగా వడికారు అనుకోవచ్చు. వేలితో తెలిసినదాన్ని ఎన్ని రకాలుగానైనా చెప్పుకోవచ్చు. నాకు అట్లా కాదు, నేను చదివాను. ఊరికంతటికీ ముందు, తప్పు జరిగిందని ఖాయంగా తెలిసిన మనిషిని నేను. పెట్టె కావాలి కాబట్టి పైకి చదవలేదు.

ఇదీ సంగతి. రాశాను. తేలికగా ఏమీ లేదు.

మే 12

మిట్టమధ్యాహ్నం వీధిలో ఎవరూ లేరు. ఉత్తరం మొదలుపెట్టాను. నాలుగుసార్లు కొట్టేశాను. మామ వేళ్ల సంగతి రాయకూడదు. సుంకప్ప పేరు రాయకూడదు. వీధి పేరు రాయకూడదు. వాళ్ల నిజం వాళ్లది. ఇవన్నీ తీసేస్తే మిగిలేది మా ఇల్లు. మా ఇల్లు చాలు.

మే 13, బుధవారం

ఉత్తరం నాయనకు చదివి వినిపించాను. చెప్పకుండా పంపుదామనే అనుకున్నాను. కానీ ఈ ఇంట్లో చదవకుండా దాచింది చాలు.

నేస్తూనే విన్నాడు. మామ మాట వచ్చినచోట నాడె ఆగింది. మళ్లీ నడిచింది. అమ్మ వంటింటి గడపలో నిలబడి ఉంది. తిడతారనుకున్నాను.

"మొదట్నే చదివింటివా?" అన్నాడు. అంతే అడిగాడు.

"చదివాను నాయనా. నెంబరు చెప్పలేదు."

"నేను గూడా అడగలేదు కదా, నెంబరు ఏమని. యా కట్టకన్నా అడిగేవాన్ని. దానికి అడగలే." గుంతలో నుంచి కాళ్లు పైకి తీసి కూర్చున్నాడు. "అలిసిపోయినా పాపా. గోపన్న ఇంటి ముందర తలకాయ వంచుకోని పోయి పోయి మెడ నొస్తాంది. శెట్టి నూలు ఇయ్యకుంటే ఎమ్మిగనూరు పోయి తెచ్చుకుంటా. దూరం నడిస్తే కాళ్లే నొస్తాయి."

"సుంకప్ప ఊరుకుంటాడా?" అన్నది అమ్మ.

"అరుస్తాడు. అరవనీ. వాని పేరు రాయలేదు కదా."

అవ్వ రాట్నం ఆపింది. "ఆ శెట్టి తడి నూలు సంగతి గూడా రాయించరా. ఇయ్యాల్సింది రాసేటప్పుడు రావాల్సింది రాయకూడదా?"

నాయన నవ్వాడు. ఇన్ని దినాల తర్వాత సరిగా నవ్వడం అదే. "రాయి పాపా. అవ్వ చెప్పింది గూడా రాయి." తర్వాత అడిగాడు: "నా పేరు యాడ రాసినావు?"

"కింద. ఆదెన్న కూతురు అని."

"కూతురి వెనక ఏంటికి నేను? కట్టలు తెచ్చింది నేను. ముందర రాయి, ఆదెన్న అని."

మళ్లీ రాశాను. అమ్మ దీపం బుడ్డి మసిలో ఆముదం కలిపి తెచ్చింది. నాయన బొటనవేలు అందులో అద్ది కాగితం మీద ఒత్తాడు. ఏ వేలితో చిలప రుద్ది చూశాడో అదే వేలు.

పుస్తకం అట్టను ఆవిరికి పట్టి ఏనుగును ఊడదీశాను. చిరగలేదు. అట్ట లోపల చదరం తెల్లగా ఉంది.

మే 14, గురువారం

పొద్దున నాయనే అంగడికి తీసుకుపోయి శెట్టి చేతికి ఇచ్చి వచ్చాడు. శెట్టి చదివి లోపలికి పోయాడట. రాసినది మరిచిపోకుండా ఇక్కడ ఎక్కిస్తున్నాను.

శెట్టి గారికి,

కోడుమూరు మగ్గాల వీధి ఆదెన్న, ఆయన కూతురు హనుమంతమ్మ రాసుకునే మనవి.

మార్చి నెలలో మీ అంగడిలో మేము ఎర్ర కాగితం కట్టలు నాలుగు కొన్నాము. అందులో ఉన్నది నలభయ్యో నెంబరు నూలు. దీనితో జతచేసిన చీటీ మొదటి కట్ట మీదిది. చీటీ మీద నలభై అని ఉన్నది, చీటీ వెనక, అంచున ఉన్న కాగితం ఎర్రది. తప్పు మిల్లులోనే జరిగిందని ఇది చూస్తే మీకు తెలుస్తుంది.

గోపన్న గారు కాగితం రంగు చూసి అమ్మారు. మీ అంగడిలో ఇన్నేళ్లుగా అట్లాగే అమ్ముతున్నారు. దారం కట్టిన కట్టను విప్పి చూడడం అమ్మేవారి పని కాదు. విప్పేది కొన్నవాళ్లు. విప్పి, తెలిసి, చెప్పకుండా ఉన్నది మేము. మాతో ఆయన ఏమీ మాట్లాడుకోలేదు, మా దగ్గర ఏమీ తీసుకోలేదు. మా నాయనకు చదువు రాదు. చీటీ మీద నెంబరు చదివి దాచినది నేను. ఇంకెవరి సంగతీ మేము చెప్పము, అడగవద్దు.

నాలుగు కట్టల తేడా మేము ఇచ్చుకుంటాము. మగ్గం మీద ఉన్న చీరలు దిగగానే కొంత, మిగిలినది కడప ట్రైనింగులో నాకు వచ్చే స్టైపెండు నుంచి నెలనెలా. పోయిన సంవత్సరం మీరు తూచి ఇచ్చిన నూలు తడిగా ఉన్నది. ఆ తరుగు మీకు జ్ఞాపకం ఉంటే ఇందులో తగ్గించుకోండి. లేకపోతే మా అవ్వ మల్లక్క వచ్చి జ్ఞాపకం చేస్తానన్నది.

మేము అడిగేది ఒక్కటే. గోపన్న గారి మీద స్టేషన్లో ఏమీ రాసివ్వవద్దు. ఆయన దొంగ కాదని మీ అంగడి ముందు, నలుగురు వినేటట్టు, మీ నోటితో చెప్పండి.

చెబుతారో లేదో ఈ నెల పద్దెనిమిదో తేదీ సోమవారం లోపల జవాబు రాయండి. జవాబు మా నాయన పేరున పంపండి. చదివి వినిపించేది నేను. ఈసారి ఒక్క అక్షరం వదలకుండా చదువుతాను.